కాలువ కట్టేశాక దివిసీమకు వెళ్లాం

మా కడప వైపు కృష్ణా జిల్లా అంటే ఒకటే లెక్క. అక్కడ అడుగు తీస్తే నీళ్లు, కూర్చుంటే అన్నం. నేను కూడా తల నెరిసేదాకా ఆ నమ్మకంతోనే బతికాను. మా ఆవిడ సుగుణమ్మ తమ్ముడు ప్రకాశం దివిసీమలో ఒక పాలెం సంఘానికి పాస్టరు. ఏటా వేసవి సెలవులకు రమ్మని పిలుస్తాడు. బడిపంతుల్ని కదా, నేనేదో ఒక పని చూపించి తప్పించుకునేవాణ్ణి. ఈసారి తప్పించుకోలేకపోయాను. మంగమ్మ గారికి బాప్తిస్మం ఇస్తున్నాం, ఆదివారానికల్లా రండి, ఆవిడ ఆరోగ్యం బాగాలేదు అని కబురు పెట్టాడు.

మంగమ్మ గారు ఆ పాలెంలోనే ఉండే ముసలావిడ. పెళ్లి చేసుకోని మా ప్రకాశానికి ఇన్నేళ్లూ ఇంత అన్నం వండి పెట్టింది ఆవిడే. ఆమెను చూడకపోయినా ఆవిడ పెట్టిన ఊరగాయ ఏటా మా ఇంటికి వచ్చేది. కాబట్టి రుణపడి ఉన్నాం. వెళ్లొచ్చాం. వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అన్నం సంగతి మా కడప వాళ్లు చెప్పుకునేది అక్షరాలా నిజం. నీళ్ల సంగతే తేడా వచ్చింది.

గుడివాడలో రైలు రెండు ముక్కలైంది

బెజవాడ దాకా పడ్డ పాట్లు అందరూ పడేవే. గుడివాడలో దిగి స్టేషన్ బయట హోటల్లో భోజనానికి కూర్చున్నాం. ఎనిమిదణాలు చేతిలో పెడితే కడుపు పట్టినంత పెడతారు. మా ఊళ్లో రోజూ తినేది సంగటి, వరి అన్నం చుట్టం వస్తేనో పండగొస్తేనో. ఇక్కడ మా పక్కన కూర్చున్న రిక్షా అతను మూడోసారి మారు వడ్డించుకుని, గోంగూర బాగాలేదని వంటవాణ్ణి కేకలేస్తున్నాడు. అన్నం ఉన్నచోట కూరకు వంకలు పెట్టొచ్చు కాబోలు అనుకున్నాను. ఆ గోంగూర నాకైతే బ్రహ్మాండంగా ఉంది. "చాలించండి, బండి పోతుంది" అని మా ఆవిడ లేపేదాకా తిన్నాను.

భుక్తాయాసంతో పరుగెత్తి కనిపించిన పెట్టెలో ఎక్కాం. గుడివాడలో ఆ రైలును విడదీసి కొన్ని పెట్టెలు బందరుకు, కొన్ని భీమవరం వైపుకు పంపిస్తారని మాకేం తెలుసు? కిటికీ పక్కన ప్లాట్‌ఫారం మీద బట్టల మూటతో నిలబడ్డ తెల్లగడ్డం పెద్దాయన ఎక్కడికని అడిగాడు. బందరు అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా తన మూట కింద పెట్టి లోపలికి వచ్చి మా ట్రంకు పెట్టె భుజానికెత్తుకున్నాడు. ముందు దిగండి, మాటలు తర్వాత అన్నాడు. అలా దిగాం. మా గొడుగు మాత్రం భీమవరం వెళ్లింది.

బందరు పెట్టెలో కూర్చున్నాక కృతజ్ఞతగా ఆయనకు సోడా కొనివ్వబోయాను. ఆయన నవ్వి రోజా ఉన్నానండీ అన్నాడు. రంజాన్ నెల నడుస్తోందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఎర్రటి ఎండలో, గొంతు తడుపుకోని మనిషి చేత పెట్టె మోయించానని సుగుణమ్మ బందరు దాకా నాకేసి గుర్రుగా చూస్తూనే ఉంది.

బందరులో ఇఫ్తారు

ఆయన పేరు గఫూర్ సాయిబు. బందరులో గుడ్డల మీద అద్దకం వేయించే పని. సత్రం వద్దు, మా ఇంట్లో దిగండి అని పట్టుబట్టాడు. ఆయన ఇంటి వెనక పెద్ద పాక. అందులో చెక్క అచ్చులతో దుప్పట్ల మీద పువ్వులు, లతలు అద్దుతారట. మేము వెళ్లేసరికి పాకలో పిట్ట కూడా లేదు. పని లేదా అని అడిగితే కాలువ కట్టేశారండీ అన్నాడు.

డెల్టా కాలువలు ఏడాది పొడుగునా పారవని నాకు తెలిసింది అప్పుడే. కోతలయ్యాక వేసవిలో పైనుంచి నీళ్లు ఆపేస్తారు. ఊళ్లవాళ్లు ముందే చెరువులు నింపుకుని, మళ్లీ తొలకరికి వదిలేదాకా వాటితో సర్దుకుంటారు. రంగు అద్దిన గుడ్డను పారే నీళ్లలో ఉతికితే తప్ప అది పనికి రాదు. కాబట్టి కాలువ ఆగితే ఆయన పని కూడా ఆగుతుంది.

పొద్దు వాలుతుండగా దొడ్డివైపు ఆడవాళ్లు కొందరు తలా ఒక గంపతో వచ్చారు. గఫూర్ సాయిబు భార్య వాళ్లకు బియ్యం కొలిచి పోసింది. వాళ్లు గుడ్డలు ఉతికే కూలీలు, ఆ ఊరి క్రైస్తవ పాలెం వాళ్లే. ఇది జకాతులోకి, అంటే మీరు ఏటా పేదలకు తీసి ఇవ్వాల్సిన దానంలోకి వస్తుందా అని అడిగాను. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది.

"జకాతు వేరేనండి. ఇది వాళ్ల వాటా" అన్నాడు గఫూర్ సాయిబు. "నీళ్లు ఆగితే పని ఆగుద్ది, ఆకలి ఆగుద్దా? ఏడాదంతా వాళ్ల రెక్కల మీద తిని ఈ రెణ్ణెల్లు మొహం చాటేస్తే రేపు పైకెళ్లి ఏం చెప్పుకోను?"

మసీదు నుంచి పిలుపు వినపడగానే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని ఉపవాసం విడిచాడు. మాకూ చాప వేశారు. నానబెట్టిన శనగపప్పు, నిమ్మకాయ షర్బతు, ఆ తర్వాత పలచటి గంజి. మా కడపలో సాయిబుల ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి కానీ ఎవరింటికీ ఈ నెలలో ఈ వేళకు వెళ్లి కూర్చోలేదు నేను. మర్నాడు బయల్దేరుతుంటే తొక్కుడు లడ్డూల పొట్లం ఒకటి సుగుణమ్మ చేతిలో పెట్టారు. నోట్లో పెట్టుకుంటే కరిగిపోయే ఆ లడ్డూ గురించి వినడమే తప్ప తినలేదు. దివిసీమ చేరేసరికి ఆ పొట్లం సగమైంది. అది ఎవరి పనో చెప్పుకుంటే ఇంట్లో గొడవ.

పులిగడ్డ దగ్గర

దివిసీమ అంటే కృష్ణ పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న లంక. బస్సు పులిగడ్డ దగ్గర నది దాటుతుంది. అక్కడొక వింత ఉంది. కింద నది, దాని మీద వంతెన, ఆ వంతెన మీదుగా ఒక కాలువ. ఒక నీటిని ఇంకో నీటి మీదుగా మోసుకెళ్తారన్నమాట. మా చిత్రావతి, పాపాఘ్ని ఇసుకలో చెలమలు తవ్వుకుని తాగే జాతి మాది, నోరు తెరిచి చూశాను. తీరా చూస్తే ఆ కాలువలో అడుగున పగిలిన బురద తప్ప చుక్క లేదు. అప్పుడు నాకు మొదటిసారి బెంగేసింది. మంగమ్మ గారిని ముంచేది ఎక్కడ?

ప్రకాశం వాళ్ల సంఘంలో బాప్తిస్మం అంటే తలమీద నాలుగు చుక్కలు చల్లడం కాదు. మనిషిని నిలువునా నీళ్లలో ముంచి లేపాలి. ఎప్పుడూ ఊరి పక్క కాలువలోనే ఇస్తారు. అది ఈ ఏడు అనుకున్నదానికన్నా ముందే కట్టేశారని బస్సులో ఒకావిడ చెప్పింది.

పాలెం

కోడూరు దాటాక ఎడ్లబండి. ఊరి పేరు రాయను, కారణం మీకే తెలుస్తుంది. ఊరు దాటాక ఇసుక దిబ్బ, దిబ్బ మీద చిన్న మసీదు, దాని చుట్టూ పదో పరకో సాయిబుల ఇళ్లు. దిబ్బ దిగితే మన పాలెం, తాటాకు గుడి. ప్రకాశం చిక్కిపోయి ఉన్నాడు. అక్కను చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మంగమ్మ గారు మంచంలో ఉంది. పాదాలు వాచాయి, నాలుగు మాటలకొకసారి దగ్గు. ఇన్నేళ్లు బాప్తిస్మం ఎందుకు తీసుకోలేదమ్మా అంటే తోడికోడలితో మాటలు లేవట. మనసులో పగ పెట్టుకుని మునిగితే ఒళ్లు తడవడమే గానీ ఇంకేం లాభం అని ఆవిడ పట్టుదల. కిందటేడు తోడికోడలే వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ అడ్డు తీరేసరికి జబ్బు వచ్చిపడింది. ఈ ఎండాకాలం గట్టెక్కడం కష్టమని వైద్యుడు ప్రకాశంతో విడిగా చెప్పాడు. ఆవిడకు విడిగా ఎవరూ చెప్పక్కర్లేదు, అన్నీ తెలుసు. "మునిగి పోతానయ్యా, మునక్కుండా పోనియ్యమాక" అని మా ప్రకాశాన్ని రోజూ అడుగుతోంది.

ఊళ్లో మంచినీళ్ల చెరువు నిండుగా ఉంది. నేను కళ్లారా చూశాను. కానీ పాలెం వాళ్లు అందులో కడవ ముంచకూడదు. గట్టు కింద నిలబడితే, దయ తలిచినవాళ్లు తోడి పోస్తే పట్టుకోవాలి. అలా చేయకూడదని చట్టం వచ్చింది కదా అన్నాను. ప్రకాశం ఆ చట్టం పట్టుకుని బందరు దాకా వెళ్లి అర్జీ ఇచ్చాడట. అధికారి ఒకాయన జీపులో వచ్చి, పాలెం వాళ్ల చేత నీళ్లు తోడించి వెళ్లాడు. జీపు దుమ్ము అణగకముందే కడవలు పగిలాయి.

ఆ ముచ్చట విన్నాక మసీదు పెద్ద మస్తాన్ సాయిబు దిబ్బ మీది బావి దగ్గరికి పాలెం వాళ్లను రమ్మన్నాడు. ఆ నేలలో ఎక్కడ చూసినా ఉప్పే, దిబ్బ మీద ఆ ఒక్క బావిలోనే తియ్యటి నీళ్లు. మస్తాన్ సాయిబుకు రెండెడ్ల బండి ఉంది. ఊరి రైతుల ధాన్యం మిల్లుకు తోలి బతికేవాడు. బావి తెరిచినందుకు ఈ ఏడు కోతలకు ఆయన బండిని ఎవరూ పిలవలేదు. నష్టం కదా అన్నాను. బండి ఖాళీ, ఎడ్లకు విశ్రాంతి అని నవ్వాడు. ఆ బావి పూడిక తీసేది పాలెం మగవాళ్లేనని, అందులోకి దిగే దమ్ము తమవాళ్లలో ఎవరికీ లేదని పనిలో పనిగా చెప్పాడు.

ఆ బావి కూడా వేసవికి అడుగంటింది. పొద్దున ఊరిన నీళ్లు పాలేనికీ దిబ్బకూ తాగడానికే చాలీచాలకుండా సరిపోతున్నాయి. పాలెం వాళ్లు మాత్రం ఎవరూ పురమాయించకుండానే ఒక పని చేశారు. గుడి పక్కన పశువుల కుడితికి వాడే పెద్ద గాబు ఒకటి శుభ్రంగా తోమి పెట్టి, ఇంటికో చెంబు చొప్పున తాము తాగే నీళ్లలోంచి తీసి అందులో పోస్తున్నారు. మంగమ్మ గారిని అందులో ముంచుతారన్నమాట. శుక్రవారానికి గాబు సగం పైగా నిండింది. వచ్చినప్పటి నుంచీ నేనూ స్నానం మానేశాను. దానికి ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు.

శనివారం

శనివారం పొద్దున గాలి తగులుతుందని మంగమ్మ గారిని మంచంతో సహా దిబ్బ మీద చింతచెట్టు నీడకు చేర్చాం. మధ్యాహ్నం నమాజు వేళ. మస్తాన్ సాయిబు మసీదు ముందుకొచ్చి కూర్చున్నాడు. రెండు అరచేతులూ శుభ్రమైన ఇసుక నేల మీద ఆనించి, దుమ్ము ఊదేసి, మొహం తుడుచుకున్నాడు. మళ్లీ ఆనించి చేతులు తుడుచుకున్నాడు. ఆయన వెనక మిగతావాళ్లూ అంతే. తర్వాత లోపలికి వెళ్లారు.

మా వీధి సాయిబులు నమాజుకు ముందు చేతులు, మొహం, కాళ్లు కడుక్కోవడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఇది చూడలేదు. నమాజు అయ్యాక మస్తాన్ సాయిబును అడిగాను. నీళ్లు తాగడానికే కరువైనప్పుడు మట్టితో శుద్ధి చేసుకోవచ్చని తమ ధర్మంలో ఉందనీ, దాన్ని తయమ్ముం అంటారనీ, కాలువ కట్టేసినప్పటి నుంచీ ఇలాగే చేస్తున్నామనీ చెప్పాడు.

"దప్పిక్కొన్నోడి నీళ్లతో కాళ్లు కడుక్కుని నిలబడితే ఆ నమాజు ఎక్కడికి చేరుద్దండి?" అన్నాడు.

ఇదంతా మంచంలోంచి మంగమ్మ గారు విన్నది. పాలెం వాళ్లకు ఈ సంగతి తెలియదు. వాళ్ల ఆచారం ఏదో వాళ్లది అనుకున్నారు. ఆవిడ వెంటనే ప్రకాశాన్ని పిలిపించింది.

"ఆయన మొహం కడుక్కోవడానికి లేని నీళ్లలో నేను మునగనా?" అంది. "నాకొద్దయ్యా. ఆ గాబు పిల్లలకి పంచేయ్."

ప్రకాశం బతిమాలాడు. మస్తాన్ సాయిబు వచ్చి ఆ నీళ్లు మా వాటాలోవి కాదమ్మా, మీ పాలేనివే, మునుగు అన్నాడు. పాలెం ఆడవాళ్లు ఏడ్చారు. ఆవిడ వినలేదు. బావి ఒకటే కదా, వాటా ఏమిటి అంది. మంచం గుడి పక్కకు దింపించుకుని, సాయంత్రంలోగా గాబు ఖాళీ చేయించి, చివరి చెంబు దాకా మంచంలోంచే చూసింది. ఇంట్లోకి చేర్చాక గోడవైపు తిరిగి పడుకుంది. ఎంతో ఆశపడ్డ దాన్ని చేజేతులా వదులుకున్న మనిషిని ఓదార్చడం నాకు చేతకాలేదు. బయటికొచ్చి కూర్చున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ప్రకాశానికి ఏం చేయాలో పాలుపోలేదు. చుక్కలు చల్లడానికి సంఘం ఒప్పుకోదు, ఆవిడా ఒప్పుకోదు. తొలకరిదాకా ఆవిడ ఉండదు. అందరం గుడి ముందు దిగాలుగా కూర్చున్నాం. అప్పుడు సుగుణమ్మ, గొడుగు రైల్లో వదిలేసిందీ ఆవిడే, అడిగింది.

"ఏం ప్రకాశం, రేయంతా నిద్ర పట్టనీకుండా ఆ హోరు ఏంది మరి? సముద్రం కాదా?"

అందరూ ఆ హోరు వైపు తల తిప్పారు. నాలుగైదు మైళ్లలో సముద్రం పెట్టుకుని వారం రోజులుగా చెంబులు లెక్కపెట్టుకుంటున్నారు వీళ్లు. తప్పు పట్టకండి. ఆ సీమలో నీళ్లంటే కాలువ నీళ్లు. ఉప్పునీళ్లు పొలానికి శత్రువు, గొంతుకు శత్రువు, దాన్ని నీళ్ల కింద ఎవరూ జమకట్టరు. సముద్రంలో బాప్తిస్మం ఇవ్వకూడదని ఎక్కడా లేదు కదా అని ప్రకాశం తనలో తాను గొణుక్కుంటూ లేచాడు. ఆవిడ నడవలేదు కదా అని ఎవరో అన్నారు. మస్తాన్ సాయిబు అప్పటికే ఎడ్లకు గడ్డి వేయడానికి వెళ్లిపోయాడు. బండి ఖాళీయే కదా.

సముద్రం

ఆదివారం ఆరాధన అయ్యాక, ఎండ తగ్గుముఖం పట్టగానే బయల్దేరాం. బండిలో గడ్డి పరిచి మంగమ్మ గారిని పడుకోబెట్టాం. తోడికోడలు తల దగ్గర కూర్చుంది. పాలెం సగం వెనక నడిచింది, పాటలు పాడుతూ. ఊరి మీదుగా పోతుంటే అరుగుల మీద రైతులు చూశారు. ఎవరూ అడ్డం రాలేదు. ఒక ముసలి రైతు లేచి నిలబడ్డాడు కూడా, ఎందుకో నాకు తెలియదు. మడ చెట్లు దాటాక ఇసుక, ఆ తర్వాత సముద్రం. నేను సముద్రం చూడటం అదే మొదలు. దాని గురించి పేజీలు రాయొచ్చు గానీ ఆ సాయంత్రం నేను దాన్ని సరిగ్గా చూడనే లేదు.

ప్రకాశం ఆవిణ్ణి చేతుల మీద మోసుకుని నీళ్లలోకి దిగాడు. అల వచ్చి తోస్తే ఇద్దరూ తూలారు. కాలువలో ముంచడం అలవాటైన పాస్టరుకు అలలతో ఏం తెలుసు? అప్పుడు మస్తాన్ సాయిబు పంచె ఎగ్గట్టి దిగి రెండో పక్క పట్టుకున్నాడు. ఉపవాసంలో ఉన్నాడేమో, ఒక్క చుక్క గొంతులోకి పోకుండా పెదవులు బిగబట్టుకున్నాడు. అల మొహాన కొట్టినప్పుడల్లా తెగ ఉమ్మేస్తున్నాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అని ప్రకాశం అంటుండగా ఆ ఇద్దరి చేతుల మధ్య మంగమ్మ గారు పూర్తిగా మునిగింది, లేచింది. నోట్లోకి పోయిన ఉప్పునీళ్లకు మొహం చిట్లించి, అంతలోనే నవ్వింది. అంత జబ్బు మనిషిలో అంత నవ్వు ఉంటుందని నేను అనుకోలేదు.

పొడిచీర కట్టి బండి దగ్గర కూర్చోబెట్టేసరికి పడమట పొద్దు గుంకింది. తాగడానికి తెచ్చిన చెంబు ముందు ఆవిడకే ఇచ్చారు. ఆవిడ తాగలేదు. సాయిబు గారిని పిలవమంది. రెండు చేతులా చెంబు పట్టుకుని ఆయనకు అందించింది. మస్తాన్ సాయిబు ఆ నీళ్లతో ఉపవాసం విడిచాడు. గట్టు కింద నిలబెట్టి పై నుంచి నీళ్లు పోసే ఊరు అది. ఆ చేతిలోంచి చెంబు తీసుకుని ఆయన తాగుతుంటే పాలెం వాళ్లు దగ్గరికి జరిగి చూశారు.

చీకటి పడేలోగా బయల్దేరాలి. ఎడ్లు కట్టబోతుంటే ఆయన ప్రకాశంతో ఏదో చెప్పి మళ్లీ సముద్రం వైపు నడిచాడు. నమాజుకు ముందు వజూ చేసుకోవాలిగా, అదే కాళ్లూ చేతులూ మొహం కడుక్కోవడం. ఆ నీళ్లు పనికొస్తాయా అని అడిగాను. సముద్రం పరిశుద్ధమేనండి అన్నాడు. మోకాళ్ల లోతున నిలబడి చేతులు కడిగాడు, పుక్కిలించాడు, మొహం కడిగాడు. మళ్లీ కడిగాడు. మోచేతుల దాకా, పాదాల దాకా, ఎక్కడా తొందర లేదు. ఎన్నాళ్లకు దొరికాయో నీళ్లు, పండగ పూట తలంటు పోసుకుంటున్న పిల్లాడిలా ఉన్నాడు.

మాలో ఎవరో ఆలస్యమవుతోందని గొణిగారు. మంగమ్మ గారు దగ్గు ఆపుకుని గొంతు పెంచింది.

"కానియ్యండి సాయిబు గారూ, బాగా కడుక్కోండి. బండి మీదేగా, మేమెక్కడికి పోతాం."